పిడికెడు బియ్యం, నీలం వైరు

పనసగుడ, అరకు లోయ
06-10-2008

క్రీస్తునందు ప్రియ బావమరిది షాలోముకు, నీ బావ ఎలీయేజరు వందనాలు.

కన్ను నా ఇంట్లో బిగించి, చూపు విశాఖపట్నంలో పెట్టుకున్నవాడివి, ఇప్పుడు ఆ రెండింటికీ మధ్య దారి లేదంటే జవాబుదారు ఎవరు? నువ్వా, నేనా, లేక ఈ కొండల్ని అడ్డంగా నిలబెట్టిన సృష్టికర్తా? తప్పించుకోకుండా చెప్పు.

పది రోజుల కిందట వచ్చి మా ముందుగది మూలన కెమెరా బిగించావు. కింద అల్మారాలో రికార్డరు పెట్టె, పక్కన ఇంటర్నెట్టు మోడెం, రెండింటికీ మధ్య ఒక నీలం వైరు. "బావా, నీ ఇంట్లో చీమ నడిచినా దొండపర్తిలో నా షాపులో కూకుని సూసేస్తాను" అన్నావు. ప్రవచనం బాగుంది. నెరవేర్పే ఆలస్యమవుతోంది. నేను ఫోను చేసి "ఇప్పుడు కనబడుతోందా?" అని అడిగిన ప్రతిసారీ "లేదు బావా, నల్లగా ఉంది" అంటావు. మొత్తం పదకొండుసార్లు అడిగాను. పదకొండుసార్లూ నలుపే. ఐగుప్తు మీద చీకటి మూడు రోజులే ఉంది. కర్మెలు కొండ మీద ఏలీయా ఎగతాళి చేసినట్టు అడుగుతున్నాను: నీ పెట్టె నిద్రపోయిందా? ప్రయాణం మీద ఉందా? ఇంకాస్త గట్టిగా కేక వెయ్యమంటావా?

నా వంతు పని నేను చేశాను. స్విచ్చి కట్టి మళ్ళీ వేశాను. వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. ఒక పూట ఉపవాసం ఉన్నాను. చివరికి ప్రార్థన తైలంతో రెండు పెట్టెలనూ అభిషేకించాను. నీ యంత్రం దేనికీ లొంగలేదు. ఫరో గుండె కూడా మధ్యమధ్య కాస్త మెత్తబడేది.

టీవీ కొనుక్కుంటే ఇంట్లోనే బొమ్మ చూసుకోవచ్చని మళ్ళీ రాయకు. ఏడేళ్ళ కిందట సంఘమంతా చూస్తుండగా నా టీవీని నా చేతులతో కాల్చాను. నా మాట విని మరి నలుగురు కాల్చారు. ఇప్పుడు నేను కొనుక్కుంటే ఆ నలుగురూ నన్ను కాలుస్తారు. కాబట్టి తెర నీ దగ్గరే ఉండాలి, చూడవలసింది నువ్వే.

ఎందుకింత తొందర అంటావా? మా సంఘంలో ప్రతి ఇంటి ఆడమనిషీ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది. ఆదివారం అవన్నీ మా ముందుగదిలో రేకు డబ్బాలోకి చేరతాయి. విధవరాళ్ళకూ బాలింతలకూ అందులోంచే కొలిచి ఇస్తాం. ఆగస్టు నుంచి ఆ డబ్బా తరుగుతోంది. లోపల బొగ్గుతో గీత గీసి పెట్టాను. బియ్యం గీత కిందికి దిగింది. ఎలుకలైతే తిని పోతాయి గానీ మర్యాదగా మూత పెట్టి పోవు కదా!

ఎవరో నాకు తెలుసు. ఫల్గుణ. మాకు దిగువ వరసలో నాలుగో ఇల్లు. నిరుడు బిడ్డకు జ్వరమొస్తే ప్రార్థనకు రాకుండా కొండ పూజారి దిసారి దగ్గరికి పోయి, కొండ దేవతకు కోడిని కోయించాడు. ఆ వారమే వాడి కుటుంబాన్ని సంఘం పుస్తకంలోంచి కొట్టేశాను. ఇప్పుడు వాడి భార్య అప్పలనర్సమ్మ మళ్ళీ బాలింత. వాడి తల్లి అచ్చియమ్మ గిన్నె పట్టుకుని బియ్యానికి వచ్చింది. పుస్తకంలో పేరు లేదన్నాను. అడిగితే దొరకనివాడు ఏం చేస్తాడో చెప్పడానికి ప్రవక్త అక్కర్లేదు. పైగా రోజూ మా గుమ్మం ముందునుంచే టూరిస్టు కాటేజీలకు తుడిచే పనికి పోతాడు. పోతూ పోతూ లోపలికి చూస్తాడు.

నాకు వాడి ముఖం, వాడి చెయ్యి, ఆ డబ్బా, మూడూ ఒకే బొమ్మలో కావాలి. ఆకాను దోచుకున్నది గుడారంలో పూడ్చినా బయటపడింది. ఇది రేకు డబ్బా.

నీ అక్క రాజకుమారి నిన్ను అడిగింది. దగ్గు తగ్గిందట.

ఎలీయేజరు


విశాఖపట్నం
11-10-2008

దైవజనులు, వైరు పీకుటలో వీరులు అయిన బావగారికి షాలోము నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి పావుగంట నవ్వాను. ఆ తర్వాత తైలం దగ్గరికి వచ్చేసరికి ఏడ్చాను. బావా, అభిషేకించమంటే రాజుల్ని అభిషేకించారు గానీ ప్లగ్గు సందుల్ని ఎవరూ అభిషేకించలేదు. ఆ నూనె వైరు కొస మీద పడితే రాగి రాగిని తాకదు. మోడెం కరెంటు తీసేసి, పొడి గుడ్డతో రెండు కొసలూ శుభ్రంగా తుడువు. మళ్ళీ గుచ్చినప్పుడు టిక్కుమని చప్పుడు రావాలి. ఆ చప్పుడే ఆమెన్. అది వినబడేదాకా లేవకు. వైరు గుచ్చిన చోట పచ్చ లైటు మిణుకుమంటే దారి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. దానికి ప్రత్యక్షత అక్కర్లేదు.

ఇక రెండోది. నువ్వు ఫోను చేసిన ప్రతిసారీ నాకు నలుపే ఎందుకో కనిపెట్టాను. నువ్వు ఫోను చెయ్యడం వల్ల. నీ టెలిఫోనూ, ఇంటర్నెట్టూ ఒకే తీగ మీద వస్తాయి. వాటి మధ్య చిన్న డబ్బీ ఒకటి బిగించాను, ఫోనును అటూ నెట్టును ఇటూ విడదియ్యడానికి. అది నువ్వు పీకి మళ్ళీ గుచ్చినప్పుడు ఎక్కడికి పోయిందో నీకే తెలియాలి. అది లేకుండా రిసీవరు ఎత్తితే నెట్టు పడిపోతుంది. పెట్టేసిన అయిదు నిమిషాలకు నాకు మీ ముందుగది తళతళలాడుతూ కనబడుతుంది. అప్పుడు నువ్వు మళ్ళీ ఫోను చేసి "ఇప్పుడో?" అంటావు. ఇలా పదకొండుసార్లు నీ చేత్తోనే దీపం ఆర్పి, నన్ను గుడ్డివాడన్నావు.

డబ్బీ దొరికేదాకా ఆ ఫోను తీసి అటక మీద పెట్టు. మీ కొండ వెనక్కి సెల్లు సిగ్నలు ఎలాగూ రాదు. ఉత్తరాలు రాసుకుందాం. ఫోనులో అయితే నువ్వు ప్రసంగం, నేను ఆమెన్. కాగితం మీదైతే నాకూ ఓ వంతు దొరుకుతుంది.

మోడెం మీద అక్క అల్లిన గుడ్డ కప్పావు, కెమెరాలో చూశాను. ముద్దుగా ఉంది. తీసెయ్యి, వేడెక్కి ఆగిపోతుంది. రికార్డరు కరెంటు మాత్రం ఎప్పుడూ అలా పీకకు. బొమ్మలన్నీ లోపలి డిస్కులో ఉంటాయి. నడుస్తుండగా లాగేస్తే డిస్కే చెడిపోవచ్చు. సరిగ్గా ఆపాలంటే తెర మీద చూసి ఆపాలి. నీకు తెర లేదు. ఎందుకు లేదో పైన వివరంగా రాశావు.

బాలింత అడిగితే పుస్తకం చూశావన్నమాట. మంచిది. బోయజు తన పొలంలో పరిగె ఏరుకుంటున్న రూతుని చూసి "అమ్మాయీ, మీ మోయాబులో ఏ దేవుడికి కోడిని కోశారు?" అని అడిగినట్టు నాకు గుర్తులేదు. నా బైబిలు పాతది, అందులో పేజీలు పోయాయేమో.

షాలోము


పనసగుడ
25-10-2008

షాలోముకు,

తుడిచాను. టిక్కుమంది. పచ్చ లైటు వచ్చింది. ఫోను అటకెక్కింది. గుడ్డ తీసేసినందుకు నీ అక్క రెండు పూటలు నాతో మాట్లాడలేదు. నీ సాంకేతిక పరిచర్య ఫలించినందుకు స్తోత్రం. రూతు గురించి నాకు పాఠం చెప్పినందుకు మాత్రం లేదు. ఆమె తన దేవతల్ని విడిచి వచ్చింది. వీడు మనల్ని విడిచి వాటి దగ్గరికి పోయాడు. దారి ఒకటే గానీ దిశ వేరు. సండేస్కూలులో నిద్రపోయినవాళ్ళకి ఇలాంటివి తెలియవు.

బియ్యం తగ్గుతూనే ఉంది. పోయిన ఆదివారం ఆకాను మీద ప్రసంగించాను. గంటన్నర. ఎవరి పేరూ ఎత్తలేదు. దిగువ వరసలో నాలుగో ఇంటి వైపు వేలు మాత్రం చూపించాను, అదీ మూడుసార్లే. సంఘమంతా తలలు తిప్పి కిటికీలోంచి చూసింది. అప్పుడు ఫల్గుణ వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. గొడ్డలి ఆపి మావైపు చూశాడు. నిర్దోషి అయితే ఎందుకు ఆపాలి?

మాట కాటేజీల దాకా పోయింది. అక్కడి మేనేజరు సర్వేశ్వరరావు ఆ మర్నాడే వాడిని పనిలోంచి తీసేశాడు. గెస్టులు బ్యాగులు వదిలి బొర్రా గుహలు చూడ్డానికి పోతారు, అలాంటి గదుల్లోకి దొంగ పేరున్నవాడిని పంపనన్నాడట. నేను తీసేయమని చెప్పలేదు. వాక్యం తన పని తాను చేసుకుంది.

ఇప్పుడు నీ పని నువ్వు చెయ్యి. పదిహేను రోజులుగా తెర ముందు కూర్చున్నావు. ఏం చూశావు? ఎవరిని చూశావు?

ఎలీయేజరు


విశాఖపట్నం
03-11-2008

బావా,

ఏం చూశానా? చాలా చూశాను. మంగళవారం మీ ముందుగదిలోకి కోడిపెట్ట వచ్చి నీ కుర్చీలో కూర్చుంది. నీకంటే నిటారుగా కూర్చుంది. బుధవారం నువ్వు వాక్యధ్యానం పేరుతో నోరు తెరుచుకుని నిద్రపోయావు. గురువారం నువ్వు గోడకు ప్రసంగం చేశావు. శబ్దం రాదు కాబట్టి నాకు నచ్చింది.

దొంగని మాత్రం చూడలేదు. దేవుడి ఎదుట ప్రమాణం చేసి రాస్తున్నాను. ఫల్గుణ ఈ నెల రోజుల్లో ఒక్కసారీ నీ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

లైనులో ఒక తేడా ఉంది. వారానికి రెండు మూడుసార్లు, ఉదయం పదకొండు ప్రాంతంలో, నువ్వు సంచి పట్టుకుని ఇళ్ళ దర్శనాలకు బయల్దేరగానే నాకు బొమ్మ పోతుంది. పావుగంటకు మళ్ళీ వస్తుంది. కరెంటు పోవడం కాదు. టెలిఫోను తీగ తప్పు కాదు, మోడెం వెలుగుతూనే ఉంటోంది. నీలం వైరు కొస వదులవుతోంది, అంతే. మామూలుగా జరిగేదే. కంగారుపడకు.

ఆ వైరు గురించి ఒక ముక్క రాస్తాను. దీన్ని ఇంట్లో గట్టిగా చదువు. అక్క పొయ్యి దగ్గరుంటే అక్కడికెళ్ళి చదువు. రెండుసార్లు చదువు. "నీలం వైరు ఊడితే విశాఖపట్నంలో ఉన్న నాకు కనబడదు, అంతవరకే. కెమెరా కన్ను మూతపడదు. రికార్డరు పెట్టె అన్నీ చూస్తూనే ఉంటుంది, ముప్పై రోజులు దాచుకుంటుంది. వైరు మళ్ళీ గుచ్చగానే ఆ పావుగంట కూడా నేను వెనక్కి తిప్పి చూడగలను." అర్థం కాకపోయినా పరవాలేదు. చదువు చాలు.

అక్క ఆరోగ్యం ఎలా ఉంది? ఊరికే అడుగుతున్నాను.

ఫల్గుణకు పని పోయిన సంగతి రాస్తూ వాక్యం తన పని చేసుకుందన్నావు. వాక్యానికి వేలుండదు బావా.

షాలోము


పనసగుడ
17-11-2008

షాలోముకు,

నీకు తెలియకుండానే నువ్వు దయ్యాన్ని వెళ్ళగొట్టావు. ఉత్తరం ఆరో తారీఖున అందింది. నువ్వు చెప్పినట్టే పొయ్యి దగ్గర నిలబడి రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుండగా నీ అక్క చేతిలో గరిటె అంబలి కుండలో పడిపోయింది. "ఏటైంది?" అంటే "సెయ్యి జారింది" అంది. అంతే! ఆ రోజు నుంచి వైరు వదులవలేదు. ఆ రోజు నుంచి బియ్యం గీత దిగలేదు. పది రోజులు. అంగుళం కూడా తగ్గలేదు.

ఇంకా సాక్ష్యం కావాలా? పని పోయేసరికి ఫల్గుణకు బుద్ధి వచ్చింది. దొంగతనం మానేశాడు. మానేశాడంటే అంతకుముందు చేశాడనే కదా అర్థం?

వాడు నా దగ్గరికి వచ్చాడు కూడా. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అయ్యగారూ, నానేటి ఎత్తుకెల్లానని అంత మాటన్నారు? సూసినోడెవుడు?"

"చూసేది పైన ఉంది" అని కెమెరా చూపించాను.

"అయితే దాన్నే అడగండి. బేగి అడగండి. కాటేజీలోల్లు నా చీపురు లాగేసుకున్నారు. ఇంట్లో పచ్చి బాలింతుంది."

"కొండ దేవతని అడుగు, పెడుతుంది."

"ఆయమ్మ దగ్గర కెమెరా నేదండి" అని వెళ్ళిపోయాడు.

కొండ దేవత పేరుతో నన్నే వెక్కిరించాడు. అదే కోపం.

ఈ నెల ముప్పయ్యో తారీఖు ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలం కూర్చుంటున్నాం. పోలీసు స్టేషనుకు కాగితం రాసి సంతకాలు పెడతాం. ఆ కాగితంతోపాటు బొమ్మ ఉండాలి. పదకొండు గంటల పావుగంటలన్నీ రికార్డరు దాచుకుందని నువ్వే రాశావు. వెనక్కి తిప్పు. వాడి ముఖమున్న బొమ్మ తీసి ముప్పయ్యో తారీఖు లోపల పంపు. లేదా నా బావమరిది దొంగని కాస్తున్నాడని సంఘానికి చెప్పుకోవలసి వస్తుంది.

ఎలీయేజరు


విశాఖపట్నం
24-11-2008

బావా,

ఇన్నాళ్ళూ నీకు వైరు కథలు చెప్పాను. వైరు బాగానే ఉంది. నెల రోజులుగా అన్నీ వెనక్కి తిప్పి చూస్తూనే ఉన్నాను. చూసీ రాయలేదు. నాతాను ప్రవక్త రాజుకి గొర్రెపిల్ల కథ చెప్పి చివర్లో వేలు చూపించాడు. నాకు కథలు కట్టడం రాదు. చూసింది చూసినట్టు రాస్తాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

నవంబరు నాలుగు, మంగళవారం. పదకొండు కావడానికి అయిదు నిమిషాలుంది. అచ్చియమ్మ గిన్నెతో గుమ్మం దగ్గరికి వస్తుంది. నువ్వు కుర్చీలోంచి లేస్తావు. శబ్దం లేదు, కాబట్టి నువ్వేమన్నావో తెలియదు. చెయ్యి మాత్రం కనబడుతుంది. కోడిపెట్టను తోలినప్పుడు కూడా నీ చెయ్యి అంత దూరం వెళ్ళలేదు. ముసలమ్మ వెళ్ళిపోతుంది. నువ్వు సంచి తీసుకుని దర్శనాలకు బయల్దేరతావు.

పదకొండు గంటల రెండు నిమిషాలు. అక్క లోపలినుంచి వస్తుంది. గుమ్మంలోంచి అటూ ఇటూ చూస్తుంది. అల్మారా దగ్గరికి వెళ్ళి నీలం వైరు లాగుతుంది. కెమెరా కన్ను మూతపడిందనుకుంటుంది పిచ్చిది. తర్వాత డబ్బా ముందు మోకరించి ప్రార్థన చేస్తుంది. మూత తీస్తుంది. పళ్ళెంతో తోడదు బావా. పిడికెడు, పిడికెడు, పిడికెడు. కొంగులో పోసుకుంటుంది. మూత పెట్టి, పెరటి వైపు దిగువ వరసకు వెళుతుంది. పావుగంటకు ఖాళీ కొంగుతో వస్తుంది. వైరు గుచ్చుతుంది. టిక్కుమనేదాకా నొక్కుతుంది, నీకంటే బాగా.

అక్టోబరులోనూ అలాగే చేసింది. నా ఉత్తరం నువ్వు చదివి వినిపించాక మానేసింది. బియ్యం గీత దిగడం లేదని సంతోషపడ్డావు కదా, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో ఇప్పుడు ఊహించుకో. అక్కను కాపాడుతున్నాననుకుని ఆ బాలింత నోటి దగ్గర కూడు నేను లాగేశాను. నీ పాపంలో నాకూ వాటా ఉంది.

బొమ్మ పంపను. కాపీ తియ్యలేదు, తియ్యను కూడా. నా అక్క ముఖం పెద్దల బల్ల మీద పెట్టడానికి నేను కెమెరాలు అమ్మడం లేదు. ఆ రోజు రికార్డింగు డిసెంబరు నాలుగున పదకొండు గంటలకు దానంతట అదే చెరిగిపోతుంది. మీద కొత్త రోజు పడుతుంది. చెరగనీ. నువ్వు మాత్రం ఆ పోలీసు కాగితం ఆపు. అక్క మీద కేకలు వెయ్యకు. వేస్తే నాకు కనబడుతుంది.

షాలోము


పనసగుడ
03-12-2008, ఉదయం

షాలోముకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. కూర్చునే చదివాను. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

నీ అక్కను అడిగాను. కేకలు వెయ్యలేదు, కెమెరా చూస్తోందని కాదు.

"నిజమేనా?"

"నిజమే. ఆరేళ్ళు అప్పలనర్సమ్మ ఈ డబ్బాలో పిడికెళ్ళేసింది. దాని బియ్యమే దానికిచ్చినాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఇంటారేటి? మీరు మాటాడతారు గానీ ఇనరు కదా."

ముప్పై ఏళ్ళుగా నేను ప్రసంగిస్తున్నాను. నా మీద ఇంత చిన్న ప్రసంగం ఎవరూ చెయ్యలేదు.

ఆదివారం సంఘం ముందు నిలబడ్డాను. పుస్తకం తెచ్చి, అందరూ చూస్తుండగా ఆ కుటుంబం పేరు మళ్ళీ నా చేత్తో రాశాను. దొంగ ఎవరూ లేరనీ, గిన్నె పట్టుకొచ్చిన ముసలమ్మను తోలేసిన మనిషి ఒకడున్నాడనీ, వాడు నేనేననీ చెప్పాను. పది నిమిషాల్లో ముగించాను. అంత బేగి ముగిసేసరికి నాకు మలేరియా తిరగబెట్టిందని కొందరు కషాయం తెచ్చారు.

తర్వాత బియ్యం నేనే మోసుకుని ఫల్గుణ ఇంటికి వెళ్ళాను. నా జీవితంలో అంత పొడవైన దారి లేదు, నాలుగిళ్ళే అయినా. అచ్చియమ్మ పీట వేసింది. "కూకోండి. టీ నేదు, మంచినీల్లున్నాయి" అంది. ఫల్గుణ మాత్రం కూర్చోలేదు.

"ఏలెట్టి సూపినప్పుడు ఊరంతా సూసింది. కాటేజీలోల్లు సూసినారు. ఇప్పుడు నా ఇంట్లోకొచ్చి సెవిలో సెప్తే నా పేరు తిరిగొచ్చేత్తాదా? ఆడ సెప్పండి, అయ్యగారూ. నా పని పోయిన కాడ సెప్పండి."

సోమవారం కాటేజీలకు వెళ్ళాను. మేనేజరు సర్వేశ్వరరావు కుర్చీ వేశాడు, కాఫీ ఇచ్చాడు, నమ్మలేదు.

"పాస్టరుగారూ, క్షమించడం మీ ఉద్యోగం. గెస్టుల సామాను కాపాడ్డం నా ఉద్యోగం. మొన్న దొంగన్నదీ మీరే, ఇవాళ కాదంటున్నదీ మీరే. ఇద్దరిలో ఏ పాస్టరుగారిని నమ్మను? మీ ఇంట్లో కెమెరా ఉందన్నారుగా, బొమ్మ చూపించండి. శుక్రవారం దాకా ఆగుతాను. ఆ తర్వాత వేరే మనిషిని పెట్టేసుకుంటాను."

అతనిది తప్పనను. నా మాట మీద ఒక మనిషి బతుకు తీసేయొచ్చు గానీ తిరిగి నిలబెట్టడానికి నా మాట చాలదట. ఇన్నేళ్ళుగా నా నోటికి ఎంత బలముందో అనుకుంటూ తిరిగాను.

కాబట్టి నువ్వు చెరగనిమ్మన్న ఆ మంగళవారమే నాకు కావాలి. అక్టోబరు బొమ్మలు ఇప్పటికే పోయి ఉంటాయి. మిగిలినది ఆ ఒక్కటే. అచ్చియమ్మ గిన్నె, నా చెయ్యి, నీ అక్క పిడికిలి, అన్నీ ఉండాలి. ముఖాలు కత్తిరించకు. నా చెయ్యి ఊగిన చోట అసలు కత్తిరించకు. నీ అక్కను అడిగే రాస్తున్నాను. "నా మొకం ఎవులు సూస్తే నాకేటి? ఆడి మొకం నిలబడాల" అంది. నువ్వు ఆమె పరువు దాచాలనుకున్నావు. ఆమెకు అది అక్కర్లేదట. దాచుకోవలసిన పరువు నాది. దానికి నేనే సెలవిస్తున్నాను.

పెట్టె ఆపేస్తే చెరగదు కదా అని స్విచ్చి మీద చెయ్యి వేశాను. నడుస్తుండగా లాగితే డిస్కే పోవచ్చన్నావు, తీసేశాను. తెర లేదు కదా నా ఇంట్లో! అక్కడినుంచి కాపీ తియ్యగలిగినది నువ్వొక్కడివే. నిన్న కాటేజీ ఫోను నుంచి నీ షాపుకు మూడుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఇంటి ఫోను అటక దింపడానికి ధైర్యం లేదు, దారి మళ్ళీ తెగుతుంది. నిన్న మధ్యాహ్నం మోడెం మీద ఎర్ర లైటు వచ్చింది. తైలం జోలికి పోలేదు. వైరు తీశాను, పొడి గుడ్డతో తుడిచాను, టిక్కుమనేదాకా నొక్కాను, అయిదు నిమిషాలు ఆగాను. పచ్చగా వచ్చింది. ఈ ఉత్తరం ముగించి ఆ అల్మారా ముందే కూర్చుంటాను. ఎవరినీ ఊడవనివ్వను, ఫోను ముట్టనివ్వను, కోడిపెట్టను కూడా ఆ గదిలోకి రానివ్వను. దర్శనాలు మానేశాను. తెర ముందు కూర్చోగానే నన్ను చూస్తావు.

ఈ ఉత్తరం తెస్తున్నది మా ఊరి బడి గాసి మేస్టారు. మొదటి బస్సుకు బయల్దేరుతున్నాడు. సీడీ చేతిలో పడేదాకా నీ షాపులోంచి కదలనని నాకు మాటిచ్చాడు. రేపు పొద్దున్న పాసింజరు రైలుకు తిరిగి వచ్చేస్తాడు. శుక్రవారం ఇద్దరం కలిసి కాటేజీలకు వెళతాం, ఫల్గుణను ముందు నడిపించుకుని.

రేపు పదకొండు గంటలకు ఆ రోజు చెరిగిపోతుంది. నా మీద కోపం తర్వాత తీర్చుకో, నాలుగు పేజీలు రాయి, చదువుతాను. మేస్టారికి టీ తర్వాత ఇవ్వొచ్చు, క్షేమసమాచారాలు తర్వాత అడగొచ్చు. ఈ కాగితం కింద పెట్టు. తెర ముందు కూర్చో. నాలుగో తారీఖు మంగళవారం దగ్గరికి వెనక్కి తిప్పు. షాలోమూ, రేపు కాదు, సాయంత్రం కాదు. ఇవాళ. ఇప్పుడే తియ్యి.

ఎలీయేజరు